జెట్టీ ఇంటి కోడలు

ఒక కప్పు టీ ఇవ్వడానికి ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు ఎందుకు ఆగుతుంది? ఈ మాట నేను శేషుకుమారినే అడిగాను. ఆవిడ జవాబు చెప్పింది కూడా. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయినా అది నాకు చాలలేదు. ఇప్పుడు ఇదంతా రాస్తున్నప్పుడు కూడా చాలడం లేదు.

మేమిద్దరం సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లో ఒకే బిల్డింగులో ఉంటాం. ఆవిడది రెండో అంతస్తు, నాది కింద. ఆస్పత్రి పక్కనే కాబట్టి ఇక్కడ అద్దెకు దిగేవాళ్ళలో సగంమంది మనవాళ్ళే. కొన్నాళ్ళుండి ఎక్కడో పెరడున్న ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోతారు. వెళ్ళకుండా మిగిలినవాళ్ళం మేము. నాకు పుస్తకాలు సర్దుకోవడం బద్ధకం. ఆవిడకి ఆ వంటింటి కిటికీ వదలబుద్ధి కాలేదు. దాంట్లోంచి చూస్తే ఆస్పత్రి వెనకవైపు, వంటశాల తలుపు కనిపిస్తుంది. ఆ తలుపులోంచే ఒకప్పుడు ఆవిడ భర్త బెంగ్ హాక్ డ్యూటీ దిగి వచ్చేవాడు.

శేషుకుమారి కాకినాడ జగన్నాథపురంలో పుట్టింది. తండ్రి పోర్టు ఆఫీసులో గుమాస్తా. నర్సింగు చదివి, మస్కట్‌లో కొన్నాళ్ళు చేసి, అక్కణ్ణుంచి సిడ్నీ వచ్చింది. ఎముకల వార్డులో రాత్రి డ్యూటీలు. ఆ రోజుల్లో రాత్రి నర్సులకు మిగిలేది చల్లారిన సూపూ, బ్రెడ్డు ముక్కలూ. వంటశాలలో కొత్తగా చేరిన మలేషియా పెనాంగ్ కుర్రాడు మాత్రం తనకోసం వండుకున్న చేపల పులుసు కొంచెం గిన్నెలో దాచి వార్డుకి పంపేవాడట.

"ఆ చింతపండు పులుపుకి పడిపోయానండి బాబూ. మొహం తర్వాత చూశాను" అంటుంది శేషుకుమారి.

"చూశాక?"

"చూశాక ఏముంది, అప్పటికే గిన్నె ఖాళీ అయిపోయింది కదండీ. తిరిగివ్వాలిగా."

పర్రమట్టాలో రిజిస్ట్రీ పెళ్ళి జరిగింది. కాకినాడలో తండ్రి ఏడాదిపాటు ఉత్తరాలకు జవాబివ్వలేదు. ఏడాది తర్వాత ఇద్దరూ వెళితే, అల్లుడు కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆవకాయ అన్నం మారు వడ్డించమని అడగడం చూసి మెత్తబడ్డాడు. అటువైపు కథ అలా ముగిసింది. పెనాంగ్‌వైపు కథే ముగియలేదు.

బెంగ్ హాక్ పుట్టింది నేలమీద కాదు. పెనాంగ్ రేవు పక్కన సముద్రంలో గుంజలు పాతి, వాటిమీద చెక్కలు పరిచి వీధిలా సాగదీసి, అటూ ఇటూ ఇళ్ళు కట్టుకున్నారు చైనా నుంచి వచ్చిన పడవవాళ్ళు. వంద సంవత్సరాలు దాటింది. నేల కాదు కాబట్టి వాళ్ళకి భూమిపన్ను లేదట. ఒక్కో చెక్కవీధిని ఒక్కో జెట్టీ అంటారు; ఒక్కో జెట్టీ ఒక్కో ఇంటిపేరువాళ్ళది. బెంగ్ హాక్‌ది చ్యూ వారి జెట్టీ.

"వీధంతా ఒకటే ఇంటిపేరైతే మరి పెళ్ళిళ్ళెలా?" అని శేషుకుమారి మొదట్లో అడిగిందట. మనకి వెంటనే తట్టే సందేహం అదేగా.

"బయటినుంచి తెచ్చుకోవాలి. అందుకే ఇంత దూరం వచ్చాను" అన్నాడట ఆయన. ఆ మనిషి ఆడిన పెద్ద మాట అదే అయ్యుంటుంది. నాకు తెలిసినంతలో ఆయన రోజుకి పది మాటలు మించి మాట్లాడలేదు.

వాళ్ళలో ఒక పద్ధతుంది. కొత్త కోడలు అత్తగారి ముందు మోకాళ్ళమీద కూర్చుని టీ అందించాలి. అత్తగారు తాగితే ఆమె ఇంటి కోడలు. మనకి మెడలో తాళి ఎంతో, వాళ్ళకి ఆ టీ అంత. పెళ్ళయిందని బెంగ్ హాక్ తల్లికి ఫోన్ చేశాడట. ఆవిడ, "నాకు టీ అందలేదే" అని ఫోన్ పెట్టేసిందట.

అంతే. ఆ తర్వాత ఆయన రెండు మూడేళ్ళకోసారి ఒక్కడే వెళ్ళొచ్చేవాడు. కూతురు అపూర్వ పుట్టాక దాన్నీ తీసుకెళ్ళేవాడు. నాయనమ్మకి మనవరాలంటే ప్రాణం. శేషుకుమారికి మాత్రం ప్రతిసారీ డ్యూటీ ఉండేది. సూట్‌కేసు ఆవిడే సర్దేది. అత్తగారికి ఉన్ని మేజోళ్ళు, కీళ్ళకు పూతమందు, చేపనూనె మాత్రలు.

"జాలర్లింటికి ఫిష్ ఆయిల్! అమ్మా, సీరియస్‌లీ?" అని అపూర్వ ఇప్పటికీ నవ్వుతుంది.

"నువ్వెందుకు వెళ్ళలేదు కుమారీ?" అని నేనడిగింది బెంగ్ హాక్ చనిపోయిన ఏడాదికి. నాది వరంగల్, ఆవిడ 'అండి'కి నా ఏకవచనం ఎప్పుడూ అడ్డు రాలేదు.

"పిలవలేదు కదక్కా" అంది. "మనవైపు కోడల్ని కబురంపి పిలిపించుకుంటారా లేదా? బొట్టుపెట్టి మరీ తీసుకెళ్తారు. పిలవని పేరంటానికి ఎలా వెళ్తానండీ? ఆవిడ ఒక్కసారి రమ్మంటే, టీ ఏంటి, ఏడు సముద్రాల నీళ్ళు కాచి పోద్దును."

ఇదే ఆవిడ జవాబు.

ఈ ఏడాది మార్చిలో ఆడబిడ్డ స్వీ లాన్ ఫోన్ చేసింది. అమ్మకి తొంభై దాటాయి, ఈమధ్య మెట్లు దిగడం లేదు, చూడాలనుకుంటే ఇప్పుడే చూడాలి. "ఆవిడ రమ్మందా?" అని శేషుకుమారి అడిగితే, "రమ్మనలేదు, వద్దనలేదు" అందట. శేషుకుమారి ఆ సాయంత్రమే కిందికి దిగి నా తలుపు కొట్టింది.

"అక్కగారూ, మీకు పాస్‌పోర్టు ఉందా?"

"ఉన్నది. ఎందుకు?"

"ఒక్కదాన్నీ వెళ్ళలేనండి. ఆవిడ కప్పు పక్కన పెట్టేసిందనుకోండి, ఆ చెక్కలమీద ఒక్కదాన్నీ వెనక్కి నడిచి రాలేను. పక్కన ఎవరైనా ఉండాలి. మీరైతే ఎక్కువ మాట్లాడరు."

ప్రయాణానికి ముందు ఆదివారం ఆవిడ ఫ్లాట్‌లో రిహార్సల్ జరిగింది. అపూర్వ ఫిజియోథెరపిస్టు. తల్లి కుడి మోకాలిమీద దానికున్న అభిప్రాయం తిరుగులేనిది.

"అమ్మా, యువర్ నీ ఈజ్ బోన్ ఆన్ బోన్. కిందకి వెళ్తావు ఓకే. పైకి? క్రేన్ తెప్పించాలా?"

"నోర్ముయ్యవే. అక్కా, మీరు అత్తగారు. ఆ కుర్చీలో కూర్చోండి."

నేను కూర్చున్నాను.

"అలా కాదండీ. మొహం గట్టిగా పెట్టండి. పుస్తకం చదువుతున్నట్టు పెడితే ఎలా?"

"నాకు వచ్చిన మొహం ఇదొక్కటే."

"ఆంటీ, జస్ట్ థింక్ ఆఫ్ యువర్ ఓన్ మదరిన్లా" అంది అపూర్వ. తలుచుకున్నాను. మొహం దానంతటదే కుదిరిందట.

శేషుకుమారి సోఫా దిండు నేలమీద వేసి, ఎడమ మోకాలు ముందు ఆనించి, కుడిది నెమ్మదిగా దించి, ట్రే రెండు చేతులా పట్టుకుని తలవంచింది. "మా, లిమ్ తే" అంది. అమ్మా, టీ తాగండి అని. అపూర్వ పలుకుబడి సరిచేసింది. మళ్ళీ లేచింది, మళ్ళీ కూర్చుంది. కార్పెట్‌మీద ఒలుకుతుందని కప్పులో ఏమీ పోయలేదు. ఖాళీ కప్పు నేను ఎత్తి తాగినట్టు నటించినప్పుడల్లా ఆవిడ నా గొంతువైపే చూసేది.

జార్జిటౌన్‌లో హోటల్లో దిగి, మర్నాడు పొద్దున టాక్సీలో జెట్టీకి వెళ్ళాం. రోడ్డు చివర ఒక చిన్న గుడి, ఎర్ర లాంతర్లు. అక్కణ్ణుంచి నేల అయిపోతుంది, చెక్కలు మొదలవుతాయి. నేను పుస్తకాల్లో చూసిన ఫోటోలన్నీ పోటు వేళ తీసినవని అప్పుడు తెలిసింది. మేం వెళ్ళింది పాటు వేళ. ఇళ్ళకింద నీళ్ళు వెనక్కిపోయి నల్లటి బురద, గుంజలకి అంటుకున్న నత్తగుల్లలు, ఒరిగిన పడవలు, చెక్కలకింద వరసగా నీళ్ళ గొట్టాలు. వాసన గుప్పుమంది. ముందు నడుస్తున్న టూరిస్టు పిల్లలిద్దరు ముక్కు మూసుకున్నారు.

శేషుకుమారి ఆగి గట్టిగా గాలి పీల్చింది. "అక్కా, ఇది మా జగన్నాథపురం వంతెన వాసనండీ. అచ్చం అదే. ఆ సన్నాసి ఒక్కసారి కూడా చెప్పలేదు చూడండి."

వీధి మొదట్లో ఇళ్ళు దుకాణాలైపోయాయి. ఐస్‌క్రీములు, అయస్కాంతాల బొమ్మలు, బ్యాగులు. లోపలికి పోయేకొద్దీ దుకాణాలు తగ్గి, ఆరేసిన బట్టలు, మొక్కల కుండీలు, గుమ్మం పక్కన గూట్లో అగరువత్తులు. కొన్ని తలుపులమీద ఇంట్లోకి ఫోటోలు తీయవద్దని రాసి ఉంది. చెక్కలు అక్కడక్కడ కాలికింద కదిలాయి. శేషుకుమారి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. 

దాదాపు చివరి ఇల్లు. గుమ్మంలో స్వీ లాన్ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, అన్నగారి మొహమే. ఆమె ఇంగ్లీషులో ప్రతి మాట చివరా ఒక 'లా' తగిలిస్తుంది. మన గోదావరి జిల్లాల 'అండి' లాంటిదే అనుకున్నాను.

"చెప్పులు ఇక్కడ. చీర బావుంది, లా. లోపలికి రండి, అమ్మ లేచే ఉంది."

అమ్మ వెనకవైపు సముద్రానికి తెరిచిన గదిలో, పేము కుర్చీలో కూర్చుని ఉంది. పువ్వుల చొక్కా, అదే గుడ్డ పైజామా. కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. అంత ఉక్కలోనూ. మమ్మల్ని చూసింది, తల ఊపింది, మళ్ళీ సముద్రంవైపు తిరిగింది. నేను చేతులు జోడిస్తే తనూ జోడించింది. శేషుకుమారి జోడిస్తే చూడనట్టు ఊరుకుంది.

స్వీ లాన్ ట్రే, టీ కుండ, పిడిలేని చిన్న కప్పు తెచ్చి బల్లమీద పెట్టింది. నేలమీద దిండు వేసింది. శేషుకుమారి కుండ ఎత్తింది. సిడ్నీలో ఇంత సాధన చేశాం గాని, పోయడం సాధన చేయలేదు. ఆవిడ మన ఇళ్ళలో పోసినట్టు పోసింది. వెలితిగా ఇస్తే ఇష్టంలేక ఇచ్చినట్టని కదా మనకి. టీ అంచుదాకా వచ్చింది. అంచుమీద కొంచెం ఉబికి ఆగింది.

ఎడమ మోకాలు ఆనించింది. కుడిది దించింది. పళ్ళు బిగించడం నేను చూశాను. ట్రే రెండు చేతులా ఎత్తి, "మా, లిమ్ తే" అంది.

స్వీ లాన్ నాలుక కొరుక్కుంది. నా చెవిలో అంది: "అయ్యో, అంత నిండుగా పోయకూడదు, లా! సగం పైన కొంచెం పోయాలి. నిండా పోస్తే మా వాళ్ళలో, ఇక దయచేయమని అర్థం."

శేషుకుమారికి వినపడింది. చెవులు ఎర్రబడ్డాయి. కాని ఇప్పుడు చేసేదేముంది? ట్రే దించితే ఇవ్వలేదన్నట్టు. ఎత్తి పట్టుకుంటే వెళ్ళిపొమ్మన్నట్టు. ఎత్తే పట్టుకుంది. దూరంగా ఏదో మోటారు పడవ పోయింది. కాసేపటికి దాని అల వచ్చి చివరి గుంజల్ని తాకింది, నేల సన్నగా కదిలింది. టీ అంచుమీద వణికింది గాని ఒలకలేదు.

ముసలావిడ కప్పుని చూసింది. శేషుకుమారి మొహం కాదు, కప్పునే. చాలాసేపు చూసింది. తర్వాత గొంతు బొంగురుగా ఏదో అంది. స్వీ లాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పడవలో కూడా ఇంత సరుకు ఎవరూ ఎక్కించరు, ఇది నేనెలా ఎత్తేది, అంటోంది."

శేషుకుమారి నవ్వలేదు. తల ఎత్తలేదు కూడా.

ముసలావిడ రెండు చేతులూ కుర్చీ చేతులమీద ఆనించి ముందుకు వంగింది. ఇంకా వంగింది. అంత నిండు కప్పుని ఎత్తితే ఒలుకుతుంది మరి. నోరే కప్పు దగ్గరికి తేవాలి. కోడలి చేతుల్లో ట్రే ఉండగానే, తల ట్రేమీదికి దించి, సుర్రుమని ఒక్క గుక్క పీల్చింది. ఆవిడ నెరిసిన జుట్టు శేషుకుమారి నుదుటికి దాదాపు తగిలింది. అప్పుడు కప్పు వేళ్ళతో ఎత్తి, వెనక్కి వాలి, మిగతాది నింపాదిగా తాగింది. ఖాళీ కప్పు ట్రేలో పెట్టి ఇంకో ముక్క అంది.

"ఏంటి? ఏమన్నారు?" అంది శేషుకుమారి.

"రొయ్యలు ఒలవాలట. ఎండెక్కిపోతోందట."

"అంతేనా?"

"అంతే, లా. ఇంకేం కావాలి నీకు, పెళ్ళికి ఆడించే సింహాల డాన్సా?"

లేవడానికి మా ఇద్దరి భుజాలూ కావలసి వచ్చాయి. క్రేన్ అన్నది అపూర్వ, అబద్ధమేమీ కాదు.

వంటింట్లో నేలకి రెండు చెక్కల మధ్య సందుంది. అందులోంచి బురద, బురదమీద నెమ్మదిగా తిరిగొస్తున్న నీళ్ళు కనిపించాయి. ముగ్గురం చిన్న పీటలమీద కూర్చున్నాం. శేషుకుమారి చెయ్యి పడితే రొయ్య తొక్క ఒక్క లాగులో ఊడిపోతుంది. స్వీ లాన్ ఆ వేగం చూసి తన చాకు పక్కన పెట్టేసింది.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు" అంది స్వీ లాన్. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? అన్నయ్య వచ్చినప్పుడల్లా అమ్మ ఇదే గొడవ. ఆవిడకి కాళ్ళు లేవా, దారి తెలీదా అని."

శేషుకుమారి చేతిలో రొయ్య ఆగిపోయింది. "పిలవలేదు కదా మరి."

"పిలవడమా? ఇంటి కోడలిని ఎవరైనా పిలుస్తారా? పిలిస్తే వచ్చేది చుట్టం. కోడలు తన ఇంటికి తనంతట తనే రావాలి, లా."

"మీ అన్నయ్య ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు పిలుపుకోసం చూస్తున్నావని మాకూ చెప్పలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకు ఆ మాట తక్కువ మనిషి, ఇంత పెద్ద సూట్‌కేసు మోసుకుని మా బిల్డింగు మెట్లు దిగడం గుర్తొచ్చింది. ఆ సూట్‌కేసులో అటూ ఇటూ మోయాల్సిన మాటలు రెండే రెండు. ఆయనకి అవి చెప్పక్కర్లేదనిపించిందో, చెబితే ఎవరు నొచ్చుకుంటారోనని భయపడ్డాడో. ఇంతకీ, ఆయన చెప్పకపోతే ఈవిడ అడగకూడదా? రాత్రంతా వార్డులో ఎవరికి ఎక్కడ నొప్పో అడిగే మనిషి.

"సన్నాసి" అంది శేషుకుమారి తెలుగులో, మెల్లగా. ముక్కు భుజానికి తుడుచుకుని, "నరం తీసేయాలా, ఉంచాలా?" అని అడిగింది.

"తీసేయాలి. అమ్మకి పడదు."

తీస్తూ కూర్చుంది.

అన్నాలయ్యాయి. ముసలావిడ శేషుకుమారితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. వడ్డన సరిగా లేనప్పుడు మాత్రం గిన్నెవైపు వేలు చూపించేది, శేషుకుమారి లేచి జరిపేది. మధ్యాహ్నమంతా వెనక గదిలో ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. సముద్రం గుంజల చుట్టూ పెరిగి, చెక్కల కిందికి వచ్చి చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఒకసారి చూస్తే ముసలావిడ నిద్రపోతోంది. మేజోడు ఒకటి జారితే శేషుకుమారి వంగి పైకి లాగుతోంది.

పొద్దు వాలాక లేచాం. రాత్రి విమానం. శేషుకుమారి పైట సర్దుకుని, వెళ్ళొస్తానని చెప్పడానికి వాళ్ళ భాషలో ఏమంటారని స్వీ లాన్‌ని అడిగింది.

"ఎందుకు? చెప్పకు" అంది స్వీ లాన్. "మా ఇంట్లో ఎవరూ చెప్పరు. నాన్న పడవమీద పోయేవాడు, చెప్పేవాడు కాదు. అన్నయ్య సిడ్నీ పోయాడు, చెప్పలేదు. చుట్టాలైతే చెబుతారు."

"అలా ఎలాగండీ? పెద్దావిడ. మనసు ఒప్పద్దూ?"

"నీ ఇష్టం, లా."

నేను వెనక గదిలోకి వెళ్ళి చేతులు జోడించి, వెళ్ళొస్తామండీ అన్నాను తెలుగులోనే. ముసలావిడ కుర్చీలోంచి కష్టపడి లేచింది. నా చేతులు పట్టుకుని ఏదేదో మర్యాదగా మాట్లాడింది. కాయితంలో చుట్టిన బిస్కట్ల పొట్లం చేతిలో పెట్టి, గోడ పట్టుకుంటూ గుమ్మందాకా వచ్చి నన్ను సాగనంపింది.

శేషుకుమారి అప్పటికే గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. నిటారుగా నిలబడి అత్తగారివైపు తిరిగింది. పెదవులు విడివడ్డాయి. కాకినాడలో చిన్నప్పటినుంచి నేర్పిన మాట నాలుకమీదే ఉన్నట్టుంది. ముసలావిడ ఆవిడవైపు చూడనే లేదు. గుమ్మం పక్కన కుండీలో మొక్కకి ఎండిన ఆకు కనబడితే తుంచుతోంది.

శేషుకుమారి నోరు మూసుకుంది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, నా మోచెయ్యి పట్టుకోకుండా, చెక్కలమీద దిగి నడవడం మొదలుపెట్టింది.

నేను పొట్లం పట్టుకుని ఆవిడ వెనక నడిచాను.